మల్కిభరాముడు: తెలుగు సాహిత్యంలో ఇబ్రాహీం ఖుతుబ్ షా

మద్రసాలో తారీఖ్ పాఠం చదువుకొనే రోజుల్లో గోల్కొండ సుల్తాన్ ఇబ్రాహీం ఖుతుబ్ షాను గురించి విన్నాను. ఆయన తండ్రి పేరు, అన్నల పేర్లు, పాలించిన సంవత్సరాలు, చేసిన యుద్ధాలు వరుసగా అప్పజెప్పాను. కొన్నేళ్ల తరువాత విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్య చరిత్ర చెబుతున్న తరగతిలో మల్కిభరాముడనే రాజు పేరు చెవిని పడింది. కవులను ఆదరించిన ప్రభువట, కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నాడట. ఏ రెడ్డిరాజో, ఏ వెలమ ప్రభువో అయి ఉంటాడనుకొని పరీక్షకు ఆ పేరు కంఠస్థం చేశాను. ఈ ఇద్దరూ ఒక్కరేనని నాకు తెలిసివచ్చేసరికి పరీక్ష ముగిసిపోయింది.

ఇది నా ఒక్కడి అజ్ఞానమే అయితే ఇక్కడ ప్రస్తావించవలసిన పని లేదు. మన పిల్లలలో చాలామంది నేటికీ ఈ రెండు పేర్లను రెండు గదుల్లో విడివిడిగా నేర్చుకొంటున్నారు. ఉర్దూ, ఫారసీ పుస్తకాల్లోని ఇబ్రాహీం ఒకడు. తెలుగు పద్యాల్లోని మల్కిభరాముడు మరొకడు. మొదటివాడు చారిత్రక పురుషుడు. రెండవవాడు సగం చరిత్ర, సగం కథ. ఈ రెండవవాడు ఎక్కడ పుట్టాడు, ఎవరి చేతుల్లో పెరిగాడు, అతనిని మనం ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

చరిత్రలోని ఇబ్రాహీం

ముందుగా చరిత్ర. ఖుతుబ్ షాహీ వంశ స్థాపకుడైన సుల్తాన్ కులీ, హమదాన్ ప్రాంతానికి చెందిన ఖరాఖోయున్లూ తుర్క్‌మాన్ వంశీయుడు. దక్కన్‌కు వచ్చి బహమనీ సుల్తానుల కొలువులో పెరిగి తెలంగాణకు పాలకుడయ్యాడు. 1543లో వృద్ధాప్యంలో హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక కుమారుడైన జంషీద్ ఉన్నాడని చరిత్రకారులు వ్రాశారు. జంషీద్ గద్దెనెక్కాడు. తమ్ములందరిలో చిన్నవాడైన ఇబ్రాహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. ప్రాణభయంతో మొదట బీదర్‌కు, అక్కడినుంచి విజయనగరానికి చేరుకొన్నాడు. అళియ రామరాయలు అతనిని ఆదరించి జాగీరు ఇచ్చాడు. అక్కడ దాదాపు ఏడేళ్లు గడిచాయి.

1550లో జంషీద్ మరణించాడు. అతని పసికుమారుడు సుభాన్‌ను గద్దెపై కూర్చోబెట్టారు గాని రాజ్యం కుదుటపడలేదు. ముస్తఫా ఖాన్ వంటి ఉన్నతోద్యోగులు, కోటలను కాచే నాయకవాడీలు ఇబ్రాహీంను పిలిపించుకొన్నారు. 1550 నుంచి 1580 వరకు ముప్పై ఏళ్లు ఇబ్రాహీం పాలించాడు. 1565 జనవరిలో దక్కన్ సుల్తానులు కూడి తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపైనే యుద్ధం చేసినప్పుడు ఆ కూటమిలో ఇబ్రాహీం కూడా ఉన్నాడు. మనం తళ్లికోట యుద్ధమని చెప్పుకొనేది అదే. 1578లో మూసీనదిపై కట్టిన పురానాపూల్, ఇబ్రాహీంపట్నం చెరువు ఆయన కాలపు నిర్మాణాలుగా నేటికీ నిలిచి ఉన్నాయి.

ఫారసీ చరిత్రకారుల చిత్రణలో ఇబ్రాహీంకు రెండు ముఖాలున్నాయి. బీజాపూర్ కొలువులో వ్రాసిన ఫెరిష్తా, ఇబ్రాహీం విజయనగరంలో ఉండగా జరిగిన ఒక ద్వంద్వయుద్ధాన్ని వర్ణించాడు. తన జాగీరును తీసి ఈ పరదేశి రాకుమారునికిచ్చారని అంబర్ ఖాన్ అనే సర్దారు ఆగ్రహించి కత్తి దూయగా ఇబ్రాహీం అతనిని సంహరించాడట. 1617 ప్రాంతంలో పేరు తెలియని రచయిత వ్రాసిన 'తారీఖె ముహమ్మద్ ఖుతుబ్ షాహీ', ఇబ్రాహీం కాలపు తెలంగాణను ఈజిప్టుతో పోలుస్తుంది. అరబ్, ఇరాన్, తుర్కిస్తాన్‌ల వర్తకులు ఇక్కడికి వచ్చేవారని చెబుతుంది. నేరస్థుల పట్ల అతడు అతి కఠినుడన్న మాట కూడా ఆ సాహిత్యంలో ఉంది. ఆ గ్రంథాల్లోని ఇబ్రాహీం శూరుడు, సంపన్నుడు, ఉగ్రుడు. తెలుగు కవిత్వం పట్ల అతని ప్రీతి మాత్రం వాటి ముఖ్య ప్రస్తావన కాదు.

అవతారికలో పుట్టిన రాజు

తెలుగు కావ్యాల విషయం వేరు. కావ్యానికి ముందుండే అవతారిక అనే భాగానికి మన కవులు ఒక కట్టడి ఏర్పరచుకొన్నారు. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, ఆ తరువాత కృతిపతి వంశ వర్ణన, చివర షష్ఠ్యంతాలు. కృతిపతి అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకొనేవాడు. అతని తాత తండ్రులను, పరాక్రమాన్ని, దానగుణాన్ని కవి వరుసగా కీర్తిస్తాడు. షష్ఠ్యంతాల్లో ఒక్కొక్క విశేషణంతో అతనికే కావ్యాన్ని సమర్పిస్తాడు. ప్రతి ఆశ్వాసం మొదట, చివర మరల అతనినే సంబోధిస్తాడు. కావ్యం చదివే తరాలన్నీ ఆ పేరు తలుస్తూనే ఉంటాయి. సంతానం, చెరువు, గుడి, తోట వంటి ఏడు శాశ్వత పుణ్యాలలో కృతి కూడా ఒకటని మన పూర్వులు భావించారు.

అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అనే ప్రబంధాన్ని ఇబ్రాహీం ఖుతుబ్ షాకు అంకితం చేశాడు. ఒక ముస్లిం సుల్తాన్ తెలుగు ప్రబంధానికి కృతిపతి కావడం సామాన్య విషయం కాదు. అప్పటివరకు ఆ పీఠంపై కూర్చొన్నవారు దేవుళ్లు, హిందూ రాజులు, వారి మంత్రులు, వర్తకులు. శ్రీనాథుడు తన కావ్యాన్ని అంకితమిచ్చిన బెండపూడి అన్నామాత్యుడు అరబ్బీ, తురక భాషలు వ్రాయనేర్చినవాడని ఆ కవి మెచ్చుకొన్నాడు. అంటే తెలుగు అవతారికకు మన భాషలతో పరిచయం పదిహేనవ శతాబ్దంలోనే ఉంది. అయితే ఆ భాషలకు చెందిన రాజే స్వయంగా వచ్చి కృతిపతి పీఠంపై కూర్చొన్నది ఇబ్రాహీం కాలంలోనే.

కందుకూరి రుద్రకవికి ఇబ్రాహీం చింతలపాలెం గ్రామాన్ని దానమిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. 'నిరంకుశోపాఖ్యానము', 'సుగ్రీవ విజయము' రచించిన కవి ఇతడే. పటాన్‌చెరులో ఇబ్రాహీం అధికారిగా ఉన్న అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్రము' అంకితమిచ్చాడు. ఈ కవుల నోట, వీరి తరువాత చాటుపద్యాలు చెప్పినవారి నోట ఇబ్రాహీం 'మల్కిభరాముడు' అయ్యాడు. కనుక ఈ పేరుగల రాజు జన్మస్థానం గోల్కొండ కోట కాదు, తెలుగు కావ్యపు అవతారిక.

పేరు వెనుక ఛందస్సు

ఈ పేరును విప్పి చూద్దాం. ఇందులో మొదటి భాగం 'మలిక్'. ఆ వంశంవారికి ఈ మాట కొత్తది కాదు. వంశస్థాపకుడైన సుల్తాన్ కులీని జనం 'బడే మలిక్' అని పిలిచేవారని అతని సమాధి శాసనమే తెలుపుతుంది. రెండవ భాగం 'ఇబ్రాహీం'. అరబ్బీ పేరులోని 'హ' వెనుకకు జరిగి 'బ'తో కలిసి 'భ' అయింది. జంటగా ఉన్న 'బ్ర' విడిపోయి 'భర' అయింది. 'ఇభరామ' ఏర్పడింది. 'మల్క'కు 'ఇభరామ' చేరినప్పుడు సంస్కృత సంధి ప్రకారం 'మల్కేభరామ' కావాలి. తెలుగు సంధి ప్రకారం పూర్వపదం చివరి అకారం లోపించి 'మల్కిభరామ' అవుతుంది. జనం నోట నిలిచినది ఈ రెండవ రూపమే. ఈ పేరును అతికించినది తెలుగు నాలుకే అని నా అభిప్రాయం.

'ఇభ' అంటే సంస్కృతంలో ఏనుగు. 'రామ' పదాన్ని వివరించనక్కర లేదు. ఈ శ్లేష కవులకు రుచించిందనడంలో సందేహం లేదు. అయితే ఆ పేరును కేవలం శ్లేష కోసమే మలిచారనుకొంటే ఒక ముఖ్య కారణాన్ని విడిచినవారమవుతాము. ఆ కారణం ఛందస్సు.

తెలుగు పద్యం తెలిసిన పాఠకులు ఒకసారి గురులఘువులు గుర్తించి చూడండి. 'ఇబ్రాహీం' అన్న పేరులో మూడక్షరాలున్నాయి, మూడూ గురువులే. అంటే అది మగణం. తెలుగు కవులకు ప్రియమైన ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వస్తాయి. చంపకమాలలో న, జ, భ, జ, జ, జ, ర గణాలు వస్తాయి. ఈ రెండు వృత్తాల పాదాల్లో ఎక్కడా మూడు గురువులు సరి, రెండు గురువులు కూడా పక్కపక్కన రావు. కనుక 'ఇబ్రాహీం' అన్న పేరు ఉన్నదున్నట్లుగా ఉత్పలమాలలో గాని చంపకమాలలో గాని ఏ కవీ ఇమడ్చలేడు. మరి 'మల్కిభరామ' చూడండి. గురువు, రెండు లఘువులు, గురువు, లఘువు. ఉత్పలమాల పాదం మొదలయ్యేది సరిగ్గా ఈ నడకతోనే. సుల్తాన్ పేరును సంబోధనగా పాదం మొదటనే నిలిపి పద్యం ఎత్తుకోవడానికి ఇంతకంటె అనువైన రూపం దొరకదు.

శార్దూలంలో, మత్తేభంలో మగణానికి చోటుంది. కావాలనుకొంటే కవి ఆ వృత్తాల్లో అసలు పేరే వాడవచ్చు. అయితే కృతిపతి పేరు ఒకటి రెండు పద్యాలకు పరిమితమయ్యేది కాదు. కావ్యమంతటా, అన్ని ఛందస్సుల్లోను, అన్ని విభక్తుల్లోను తిరగవలసినది. అందువల్ల అన్ని చోట్లా ఇమిడే రూపమొకటి కవికి అవసరమైంది.

ఇది ఒక్క తెలుగుకే చెల్లిన విద్య కాదని మనకు తెలుసు. అరబ్బులు గ్రీకు తత్త్వవేత్త ప్లేటోను 'అఫ్లాతూన్' అన్నారు. మాసిడోనియా రాజు అలెగ్జాండర్ 'ఇస్కందర్' అయ్యాడు. నిజామీ గంజవీ చేతిలో అతడు దిగ్విజేత మాత్రమే కాక జ్ఞాని కూడా అయ్యాడు. గోల్కొండ ఫారసీ చరిత్రకారులు అళియ రామరాయలను 'రామ్‌రాజ్' అని తమ భాషకు అనువుగా వ్రాసుకొన్నారు. విజయనగర రాజులు పద్నాలుగవ శతాబ్దంలోనే 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు ధరించారు. 'సురత్రాణ' అంటే 'సుల్తాన్' శబ్దానికి సంస్కృత వేషం. ఒక సాహిత్యం పరదేశపు రాజును తన ఇంటికి పిలుచుకొనేటప్పుడు తన గుమ్మం ఎత్తును బట్టి అతని పేరును కొద్దిగా వంచుతుంది. అనువాదకునిగా నేను నిత్యం చేసే పని ఇదే కనుక ఆ కవుల ఇబ్బంది నాకు బాగా తెలుసు.

పొట్లచెఱువు కొలువు

నేను నివసించే లక్డారం నుంచి పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. మా ఊరివైపు రాళ్ల క్వారీలు, కంకర మిషన్లు. అటు కర్మాగారాలు, బొంబాయి రహదారిపై ఆగని లారీలు. ఈ రద్దీలో పటాన్‌చెరు ప్రాచీనత ఎవరికీ జ్ఞాపకం రాదు. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది పొట్టలకెరె. తెలుగు కవులకు పొట్లచెఱువు. ఇక్కడే అబ్దుల్ ఖాదిర్ అమీన్ ఖాన్, ఇబ్రాహీం అధికారిగా ఉండేవాడు. ఆయన సమాధి పటాన్‌చెరులో ఉంది. దాపునే ఉన్న అమీన్‌పూర్ అనే ఊరు, ఆ ఊరి చెరువు ఆయన పేరునే నిలుపుకొన్నాయని స్థానికుల ప్రతీతి. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రభుత్వం గుర్తించింది.

ఈ అమీన్ ఖాన్‌కు అంకితమైన 'యయాతి చరిత్రము' తెలుగులో మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం. అచ్చతెలుగు అంటే సంస్కృతంలో ఉన్నదున్నట్లుగా ఉండే తత్సమ పదాలను విడిచి, దేశ్య, తద్భవ పదాలతోనే వ్రాయడం. నన్నయ నాటినుంచి ఐదు శతాబ్దాల పాటు ఏ హిందూ రాజు కొలువులోను పూర్తి కావ్యంగా వెలువడని ఈ ప్రయోగం ఒక ముస్లిం అధికారి ఆదరణలో వెలువడింది. ఇది ఎందుకు జరిగిందని ఆలోచించవలసి ఉంది. సంస్కృతం పండితుల భాష. ఫారసీ దర్బారు భాష. ఈ రెంటినీ పక్కనబెడితే మిగిలేది ఊరి భాష. పొట్లచెఱువులో ఖాన్‌కు, కవికి, రైతుకు సమానంగా తెలిసిన భాష అదొక్కటే. ఇద్దరు పెద్దమనుషులు ఎవరి ఇంటికీ పోకుండా రచ్చబండ దగ్గర కలుసుకొన్నట్లుగా ఈ కావ్యం నాకు తోస్తుంది.

ఈ రెండు కథలే ఎందుకు?

గంగాధర కవి ఎన్నుకొన్న సంవరణుని కథ, తెలగనార్యుడు ఎన్నుకొన్న యయాతి కథ రెండూ భారతం ఆదిపర్వంలోనివే. భారతంలో కథలకు కొదవ లేదు. ఈ రెంటినే ఎందుకు తీసుకొన్నారు?

సంవరణుడు సూర్యుని కుమార్తె అయిన తపతిని ప్రేమించి పెళ్లాడి పన్నెండేళ్లు రాజ్యానికి దూరంగా కొండలలో గడిపాడు. రాజు లేని రాజ్యంలో వానలు కురియక ప్రజలు అలమటించారు. వసిష్ఠుడు రాజును తిరిగి తీసుకొనివచ్చాడు, వానలు కురిశాయి. యయాతి కథలో తండ్రి ముసలితనాన్ని స్వీకరించడానికి పెద్దకొడుకులు నిరాకరించగా కడగొట్టువాడైన పూరుడు స్వీకరించాడు. అందుచేత అన్నలను కాదని తండ్రి అతనికే రాజ్యమిచ్చాడు.

ఇప్పుడు ఇబ్రాహీం జీవితాన్ని గుర్తుచేసుకోండి. అన్నలందరికీ చిన్నవాడు. ఏడేళ్లు రాజ్యానికి దూరంగా పరాయి కొలువులో గడిపినవాడు. పెద్దల పిలుపుపై తిరిగివచ్చి గద్దెనెక్కినవాడు. తండ్రికి ద్రోహం తలపెట్టిన అన్న గతించాక రాజ్యం పొందిన కడగొట్టు కొడుకు. పెద్దవాడే వారసుడన్న నియమానికి మినహాయింపుగా వచ్చిన రాజుకు, అటువంటి రాజుల కథలే ఆ కాలపు శ్రోతలకు గుర్తు వచ్చి ఉండవచ్చు. కవులు ఈ పోలికను మనసులో ఉంచుకొనే కథను ఎన్నుకొన్నారని నేను రూఢిగా చెప్పడం లేదు. ఇది నా ఊహ మాత్రమే, వల్లాహు అఅలమ్. అయితే ఆ కొలువులో ఆ కథలు విన్నవారికి తమ సుల్తాన్ గుర్తు రాలేదనుకోవడం కష్టం.

యయాతి కథలో మరొక విశేషముంది. యయాతి కొడుకులలో తుర్వసుని సంతతివారే యవనులని భారతం చెబుతుంది. పదహారవ శతాబ్దపు తెలుగులో 'యవనులు' అనే మాట ముస్లింలకు వాడుకలో ఉండేది. అంటే ఈ నేలపై కొత్తగా వచ్చారనుకొన్నవారిని కూడా ఒకే తండ్రి బిడ్డలుగా లెక్కించే వీలు ఆ పాత కథలో ఉంది. మనకు మనుషులందరూ ఆదం అలైహిస్సలాం సంతతి. వంశవృక్షాలు వేరైనా, పొరుగువానిని బంధువుగా లెక్కించుకోవాలన్న కోరిక రెండు చోట్లా ఉంది. పురాణ వంశావళిని మనం విశ్వసించనవసరం లేదు; ఆ కోరికను గుర్తించడానికి అభ్యంతరమూ లేదు.

అహోబిలం మాట

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి మల్కిభరాముని పాలనను ఒక పూలతోటగా చిత్రించడం తేలిక. అలా చిత్రించినవారు చాలామంది ఉన్నారు. సత్యం చెప్పవలసి వచ్చినప్పుడు మనకు ఇష్టమైన భాగం మాత్రమే చెప్పి ఊరుకోవడం చరిత్ర కాదు.

1579లో గోల్కొండ సేన అహోబిలంపై దాడి చేసి ఆలయాన్ని దోచుకొంది. ఆ తరువాత కొన్నేళ్లకు అహోబిలంలో వేసిన తెలుగు శాసనం ఆ దండయాత్రను, ఆలయం శత్రువుల వశమైన దుర్దినాలను తలచుకొంటుంది. కావ్యాల్లో కీర్తించబడిన రాజే ఆ శాసనంలో శత్రువు. అయితే ఆ సేనను నడిపినవాడు మురహరిరావు అనే బ్రాహ్మణుడు. తోడు వెళ్లినవారిలో హండె నాయకులు కూడా ఉన్నారు. కనుక దీనిని ఇస్లాంకు, హిందూ మతానికి మధ్య జరిగిన పోరాటంగా చదవడం సరికాదు. కేవలం రాజకీయమని తేలికగా తీసివేయడమూ సరికాదు. దోపిడికి గురైన ఆలయ అర్చకునికి సేనాని కులమేదైతే ఏమి? అన్యాయం అన్యాయమే. ఒక్క రాజు గురించి తెలుగువారు రెండు మాటలు వ్రాసి ఉంచారు. రెండూ మనం చదవాలి.

పెరిగిన కథ

ఇబ్రాహీం 1580లో మరణించాడు. కుమారుడు ముహమ్మద్ కులీ కాలంలో గోల్కొండ కరణమైన సారంగు తమ్మయ 'వైజయంతీ విలాసము' రచించాడు. ఆ వంశంలోని చివరి సుల్తాన్ అబుల్ హసన్ 'తానీషా'గా రామదాసు కథలోకి వెళ్లి, తెలుగువారి ఇంటింటా నిలిచాడు. 1687లో గోల్కొండ పడిపోయాక సుల్తానులు పోయారు, పద్యాలు మిగిలాయి. కావ్యంలో రాజుకు ఒక దేశకాలముంటుంది. చాటుపద్యానికి అవి లేవు. ఎవరి నోట పడితే వారిది. ఆ విధంగా మల్కిభరాముడు చరిత్రను విడిచి, భోజరాజువలె, కృష్ణదేవరాయలవలె కవిపోషకులైన రాజుల వరుసలో కూర్చొన్నాడు.

ఇరవయ్యవ శతాబ్దంలో అతనికి మరొక జన్మ కలిగింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు అడుగుతున్న ఆ రోజుల్లో, గోల్కొండ పాలకుడే తెలుగు కవులను ఆదరించాడన్నది బలమైన సాక్ష్యం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత హిందూ ముస్లిం సమైక్యతకు ప్రతీకగా సభల్లో అతని పేరు తరచు వినిపించింది. 1974లో హారూన్ ఖాన్ షేర్వానీ గారు ఖుతుబ్ షాహీ వంశ చరిత్రను సమగ్రంగా వ్రాసినప్పుడు ఫారసీ గ్రంథాలతోపాటు తెలుగు ఆధారాలనూ లెక్కలోకి తీసుకొన్నారు. రెండు గదుల మధ్య తలుపు తెరిచినవారిలో ఆయన ముఖ్యులు.

ప్రతి కాలం తనకు అవసరమైన మల్కిభరాముని తయారు చేసుకొంది. కవులకు కృతిపతి కావలసివచ్చాడు, చాటుకవులకు రసికుడు కావలసివచ్చాడు, ఉద్యమానికి సాక్షి కావలసివచ్చాడు, సభలకు ప్రతీక కావలసివచ్చాడు. ఇక మనకేమి కావాలి?

మనకు మిగిలిన ప్రశ్న

ఒకసారి ఇషా నమాజు తరువాత ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక యువకుడు నన్ను సూటిగా అడిగాడు: "మౌలానా, మన సుల్తాన్‌ను రాముడంటే ఊరుకొన్నాడంటే ఆయన దీన్ ఎక్కడ ఉన్నట్టు?" ఆ ప్రశ్నలో తప్పు లేదు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మాటను నేను సాహిత్య సభల్లో విన్నాను: "ఇబ్రాహీం పేరుకే ముస్లిం, మనసంతా తెలుగే." మొదటి మాట తెలుగు పేరును చూసి ఈమానును శంకిస్తోంది. రెండవది ఆ పేరునే చూసి ఈమానును కాజేస్తోంది. ఇద్దరూ పేరును మతానికి ధ్రువపత్రంగా తీసుకొంటున్నారు.

ఆ యువకునికి నేను చెప్పిన సమాధానమిది. ఇబ్రాహీం తన పేరు మార్చుకోలేదు. అతని ఫర్మానాల్లో, అతని సమాధిపై అతడు ఇబ్రాహీమే. పేరు వంగినది పద్యంలో, వంచినవాడు కవి. అందుకు ఛందస్సు ఒక కారణం, ఆదరం మరొక కారణం. మనవాళ్లు ఇంట్లో 'ఇబ్రాహీం' అని పేరు పెట్టుకొన్న పిల్లవాణ్ణి ఊళ్లో 'ఇబ్రామన్నా' అని పిలుస్తారు. అంతమాత్రాన అతని అఖీఖా రద్దు కాదు గదా! అమీన్ ఖాన్ అచ్చతెలుగు కావ్యం పుచ్చుకొన్నాడు, ఇస్లామీ పద్ధతిలో ఖననమయ్యాడు. ఆ రెంటి మధ్య పేచీ ఆయనకు కనబడలేదు. భాషలు వేరువేరుగా ఉండడం తన సూచనల్లో ఒకటని అల్లాహ్ ఖుర్ఆన్‌లో తెలిపాడు. ఆ సూచనలలో తెలుగుకూ స్థానముంది.

ఇక సభల్లోని మిత్రులకు చెప్పవలసినది: ఇబ్రాహీంను గౌరవించడానికి అతనిని సగం ముస్లింగా తగ్గించవలసిన అవసరం లేదు. పూర్తి ముస్లిం అయి ఉండి తెలుగు కావ్యానికి కృతిపతి అయ్యాడన్నదే ఆ చరిత్రలోని విశేషం. అది తీసివేస్తే మిగిలేది సామాన్యమైన రాజాశ్రయం.

తెలుగు మాట్లాడే ముస్లింలమైన మనకు ఈ పరిశీలన వల్ల ఒక ప్రయోజనముంది. తెలుగు మన ఇంటి భాషే అయినా, ఆ సాహిత్యం మనది కాదన్న సంకోచం మనలో చాలామందిని వెన్నాడుతోంది. నాలుగు వందల ఏళ్లకు పైగా తెలుగు కావ్యాల మొదటి పుటల్లో మన పేర్లు ఉన్నాయి. కొంత వంగి, కొంత మారి, అయినా గుర్తుపట్టగలిగేటట్లు ఉన్నాయి. వాటిని చదవడానికి మనం సిద్ధపడక, ఇతరులు మనకు తప్పుగా చదివి వినిపించారని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

ఇటీవల పటాన్‌చెరులో అమీన్ ఖాన్ సమాధి దగ్గర ఫాతిహా చదువుకొని వస్తుండగా అక్కడ ఆడుకొంటున్న పిల్లలను ఇది ఎవరి గోరీ అని అడిగాను. ఎవరో పాతకాలపు నవాబుది అన్నారు. వారిలో తెలుగు బడికి పోయేవారున్నారు, సాయంకాలం మక్తబ్‌కు పోయేవారున్నారు. బడిలోని తెలుగు పంతులుగారు తెలగనార్యుని పేరు, మక్తబ్‌లోని ఉస్తాద్ గారు అమీన్ ఖాన్ పేరు ఒకే వారంలో చెబితే చాలు; మిగిలినది ఆ పిల్లలే కలుపుకొంటారు. నాకు అన్నేళ్లు పట్టిన పని వారికి ఒక వారంలో అయిపోతుంది, ఇన్షా అల్లాహ్.